పళ్ళు తీసిన బకెట్

హాస్టలు, మేడ మీద చివరి గది
ఏప్రిల్ 27

మామయ్యకు,

ఈ రోజు పొద్దున్న మొదటి వింత, హారన్ బాబాయి హారన్ కొట్టకపోవడం. రాళ్ళ లారీతో మా వీధి మలుపు తిరిగాడంటే నిద్రపోయేవాళ్ళందర్నీ లేపి గానీ వెళ్ళని మనిషి, ఇవాళ చప్పుడు చేయకుండా బండిని గేటు పక్కన ఆపి, దిగి, తల వంచుకుని నిలబడ్డాడు. నేను మేడ మీద పళ్ళు తోముకుంటున్నాను. కిటికీలోంచి చూసి, చేతిలో బ్రష్షుతోనే మెట్లు దిగి పరుగెత్తాను. నాన్న దొరికాడనుకున్నాను.

దొరకడం అనే మాట నాకు ఇదివరకు మంచి మాటే. పోయిన పెన్ను దొరికేది, పుస్తకం దొరికేది. ఇప్పుడు ఆ మాట ఎవరి నోటైనా వినాలనీ ఉంది, వినకూడదనీ ఉంది.

బాబాయి అమ్మ పంపిన బట్టల సంచీ నా చేతికిచ్చాడు. ఏమీ లేదమ్మా, హారన్ కొడితే నువ్వు కంగారుపడతావని కొట్టలేదు అన్నాడు. కొట్టకపోతేనే కంగారని ఆయనకి తోచలేదు. నేనూ చెప్పలేదు.

కొండ నాన్నను మింగి మూడు వారాలు దాటింది. ఆ మృత్యుగహ్వరం ముందు అమ్మ ఒంటరి దీపంలా కూర్చుని ఉంటుందని తలుచుకుంటే నా కలం కన్నీళ్ళలో మునుగుతోంది. సహాయక దళం వాళ్ళు కుక్కను తెచ్చి వెతికి, ప్రాణం ఉండే వీలు లేదని రాసిచ్చి వెళ్ళిపోయారు. మిగిలిన ఆ ఒక్క ఎక్స్‌కవేటరూ ఎక్కి నువ్వే తవ్వుతున్నావు. నన్నేమో పరీక్షలు రాయమని ఇక్కడికి తోలేశావు. కొండ మీద ఫోను పలకదు. ఇక నాకు మిగిలింది కాగితమూ, హారన్ బాబాయీ.

ఆయన ఒక మాట జారవిడిచాడు. ఎక్స్‌కవేటర్ ఆగిపోయిందటగా? వానలు పడేలోగా, అంటే మే నెలాఖరు దాకానే మేనేజరు గడువిచ్చాడనీ, ఆ తర్వాత గుంత పూడ్చేస్తారనీ నువ్వు నాకెందుకు చెప్పలేదు? పూడిస్తే నాన్న అక్కడే ఉండిపోతాడు. యంత్రానికి ఏమైందో నాకు అర్థమయ్యేలా రాయి. నాకు ఏదీ దాచకు.

నీ మేనకోడలు

*

క్వారీ షెడ్డు
మే 1

పంతులమ్మకి,

ఉత్తరం అందింది. కొండ నాన్నని మింగిందని రాశావు. కొండకి నోరు లేదు తల్లీ. కొండని కోసిన రాతి గోడని అడుగున తొలిచి, పైన బరువు అలాగే వదిలేశారు. అది బావ నడిపే బండి మీద పడింది. అలా రాయి. అక్క దీపంలా లేదు, గుంత అంచున గొడుగు వేసుకుని కూర్చుంటోంది. మృత్యు ఏదో అన్నావు, అది నాకు అర్థం కాలేదు. హారన్‌ని అడిగితే కొత్త మందేమో అన్నాడు.

ఇక నువ్వడిగిన ఎక్స్‌కవేటర్, మన ఏనుగు సంగతి. తొండం ఎత్తుతుంది గానీ నిలపదు. ఎత్తి వదిలితే కునుకు పడుతున్న ముసలాయనలా మెల్లగా వాల్చేస్తోంది. ఆ తొండాన్ని, అంటే బూమ్‌ని, లేపే సిలిండర్ లోపల సీలు పోయిందన్నమాట. ఈ బండ్ల బలమంతా నూనె ఒత్తిడిలోనే ఉంటుంది. సీలంటే ఆ నూనె అవతలికి జారకుండా పట్టుకునే ఉంగరం. అది తెగితే ఎంత ఏనుగైనా గడ్డిబొమ్మే.

సీలు మార్చాలంటే సిలిండర్ మూత విప్పాలి. ఆ మూత భోజనం పళ్ళెమంత ఉంటుంది, అంచున గుంటలుంటాయి. ఆ గుంటల్లో దిగే పానా కంపెనీవాళ్ళ దగ్గర తప్ప దొరకదు. మేనేజరుని అడిగితే, కంపెనీ మనిషి వచ్చేలోగా వానలే వస్తాయన్నాడు. టీ చల్లారిందని చెప్పినట్టు చెప్పాడు.

అందుకని నేనే చేశాను. మూలపడ్డ లారీ కమాను పట్టీ ఒకటి కోసి, ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి తీరిగ్గా చల్లారనిచ్చాను. అలా చేస్తేనే అది రంధ్రాలు వేసే బరమాకి లొంగుతుంది. రంధ్రాలు వేసి బోల్టు ముక్కలు దించాను. వెనక పొడుగాటి పైపు తగిలించి వేలాడాను. బోల్టులు వంగాయి, పానా జారింది, పైపు వచ్చి మూతి మీద కొట్టింది. ముందు పన్ను ఒకటి పోయింది.

అక్క నీళ్ళు తెచ్చి, నా నోరు చూసి, "బకెట్‌కి కొత్త పళ్ళు వేశానని మురిసిపోయావు. నీకెవడు వేస్తాడ్రా" అంది. బకెట్ అంచున రాయిని పెకలించే ఇనప కోరలుంటాయి కదా, వాటిని మేం పళ్ళంటాం. అవి అరిగిపోయాయని ఈ మధ్యే మార్చాను. గోడ కూలినప్పటినుంచి అక్క వేళాకోళం ఆడటం అదే మొదలు. పన్ను పోతే పోయిందనిపించింది.

తర్వాత పాత బేరింగు ఒకటి పగలగొట్టి అందులోని రోలర్లు తీశాను. అవి గట్టి సరుకు. వెల్డింగ్ పెడితే పెళుసవుతాయి కాబట్టి, రంధ్రం బిగువుగా వేసి సుత్తితో దించాను. ఈసారి మూత కదిలింది. కదులుతూ ఒక అరుపు అరిచింది, షెడ్డు మీద పావురాలన్నీ లేచిపోయాయి.

నీకో పని. పాత సీలు ఈ కవర్లో పెట్టాను. పట్నంలో బస్టాండు వెనక సీళ్ళ దుకాణం ఉంది. లోపలి కొలత, బయటి కొలత, మందం చూసి అలాంటివే ఇమ్మను. నూనెని ఆపే సీలు అంచుని పెదవంటాం, అది ఎటు తిరిగి ఉందో కూడా చూడమను. హారన్ చేతికియ్యి.

అక్క బాగానే ఉంది. బకెట్ పైకి లేచినప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంటోంది. ఎండ అనుకుంటా.

మామయ్య

*

హాస్టలు
మే 4

మామయ్యా,

సీళ్ళు పంపుతున్నాను. నువ్వు చెప్పినట్టే ఈసారి ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

దుకాణం ఒక గుమ్మం వెడల్పే ఉంది. గోడలకి మేకులు, మేకులకి నల్లవీ గోధుమరంగువీ ఉంగరాలు వేలాడుతున్నాయి. వేలికి పట్టేవి మొదలు నేను దూరిపోగలిగేవాటి దాకా. బల్ల వెనక ఒక తాత, మెడలో భూతద్దం. ఆడపిల్లకి సీలెందుకమ్మా, కుక్కరుకి కావాలా అని మొదలుపెట్టాడు. ఎక్స్‌కవేటర్ బూమ్ సిలిండర్‌కి తాతా, పెదవి లోపలికి తిరిగినది అన్నాను. ఆయన భూతద్దం ఎత్తి ముందు నన్ను చూశాడు, తర్వాత సీలును చూశాడు.

నీ పానాలాగే ఆ పెదవి అన్న మాట నాకు నచ్చింది. రోజంతా నోట్లోనే తిరిగింది. ఆ తాత తర్వాత అన్నది మాత్రం నచ్చలేదు. సీలును వేలి చుట్టూ తిప్పి, గోటితో గీరి, నాకు చూపించాడు. పెదవి పొడుగునా సన్నటి గీతలున్నాయి, పిల్లి గీరినట్టు.

"ఇది అరిగిపోయిన సీలు కాదమ్మా. ఇసుక తిన్న సీలు. ఎవరిదీ బండి?" అన్నాడు.

మా నాన్నది, ఆయన నడుపుతాడు అనేశాను. ఆ మాట అలా ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. బస్టాండు దాకా నడుస్తూ దాన్ని నడిపేవాడు అని మార్చి చూడాలనుకున్నాను. మార్చలేకపోయాను.

మామయ్యా, నూనెలోకి ఇసుక ఎలా వచ్చింది? ఆ బండ్ల కడుపులో చిటికెడు దుమ్ము పడ్డా ఏనుగు కూలబడుతుందని నాన్న ఇంట్లో పాఠంలా చెప్పేవాడు. నేనూ అమ్మా నవ్వుకుంటూ వల్లించేవాళ్ళం. ట్యాంకు మూత తీసేముందు చుట్టూ పాత చొక్కాతో తుడిచి, ఊది, మళ్ళీ తుడిచేవాడు. నువ్వూ అంతే కదా. నువ్వు అజాగ్రత్తగా ఉండే మనిషివి కావు. మరి ఎలా వచ్చింది?

నీ మేనకోడలు

*

క్వారీ షెడ్డు
మే 8

పంతులమ్మకి,

సీళ్ళు సరిగ్గా సరిపోయాయి. తాతకి నా దండం చెప్పు.

ఇసుక గురించి అడిగావు. క్వారీలో దుమ్ము కాక పూలు రాలతాయా. ఆ సంగతి వదిలెయ్.

సీలు ఎక్కించడం ఎలాగో చెబుతాను, నీకు మాటలు కావాలి కదా. కొత్త సీలు మొండిది, గాడిలోకి దిగనంటుంది. వేడినీళ్ళలో నానబెట్టి, మెత్తబడగానే చిక్కుడు గింజలా మడిచి లోపలికి పంపాలి. అక్కడ అది విచ్చుకుంటుంది. మిగిలిన వంకర సర్దడానికి ఇనుము పనికిరాదు, ఒక్క గీత పడితే మళ్ళీ మొదటికే వస్తాం. ప్లాస్టిక్ బ్రష్షు పిడిని దీపం మీద చూపించి కొస వంచితే, అంతకు మించిన పనిముట్టు లేదు. ఇది బావ కనిపెట్టిందే.

అక్కని పాత బ్రష్షు ఉంటే ఇమ్మన్నాను. తన బ్రష్షు తెచ్చి ఇచ్చింది. ఇది కొత్తది కదక్కా, బావది పాతబడింది, అదివ్వు అన్నాను.

"వచ్చాక దేంతో తోముకుంటారు?" అంది.

తన బ్రష్షు పిడే వంచాను. డబ్బా రేకు కత్తిరించి ఒక తొడుగు చేశాను, సీలు మర మీంచి జారేటప్పుడు చీరుకోకుండా. అన్నీ బిగించి తొండం ఎత్తితే, ఎత్తిన చోట నిలబడింది. అది నిలబడి ఉంటే చూస్తూ టీ తాగాను. మేనేజరు కూడా వచ్చి చూశాడు. కమాను పట్టీతో చేశావా అన్నాడు. తర్వాత, నెలాఖరు గుర్తుంది కదా అన్నాడు.

నిన్న ఒక బకెట్‌లో బావ నీళ్ళ సీసా వచ్చింది. స్టీలు సీసా, నువ్వు కొనిచ్చినదే. అంటే బావ ఉన్నచోటికి దగ్గరగా వచ్చాం. సీసాకి బకెట్ పన్ను దిగి ఇవతలనుంచి అవతలికి చిల్లి పడింది. అక్క దాన్ని తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ చిల్లిలో వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది.

పరీక్షలు బాగా రాయి.

మామయ్య

*

హాస్టలు
మే 13

మామయ్యా,

హారన్ బాబాయి అంతా చెప్పాడు. నువ్వు దాచినా దాగలేదు. సీసా దొరికిన మర్నాడు మధ్యాహ్నమే ఏనుగు మళ్ళీ కూలబడిందట. నువ్వు ట్యాంకు అడుగున జల్లెడ తీసి చూస్తే దోసెడు ఇసుక వచ్చిందట. దోసెడు. అది గాలికి ఎగిరొచ్చిన దుమ్ము కాదు.

నేను రెండు రోజులుగా ఇదే ఆలోచిస్తున్నాను. ఈ తవ్వకం ఆగిపోతే ఎవరికి లాభం? నాన్న బయటికి వస్తే, గోడని అడుగున తొలిచిన సంగతీ బయటికి వస్తుంది. మేనేజరు పానా లేదన్నాడు, కంపెనీ మనిషి రాడన్నాడు, గడువు గుర్తు చేశాడు. నువ్వు బాగుచేసి చూపించాక మళ్ళీ ఇసుక పడింది. ఇందులో చిక్కుముడి ఏముంది?

గనుల అధికారికి అర్జీ రాశాను. నకలు దీంతో పంపుతున్నాను. ఒకటి పత్రికకి కూడా ఇస్తాను. రాత్రి గదిలో మా వాళ్ళకి చదివి వినిపించాను. "బతికున్నవాడి మీద గోడను కూల్చినవారు, చనిపోయినవాడి మీద ఇసుకను పోశారు" అన్న వాక్యం దగ్గర ఒకమ్మాయి ఏడ్చింది. నేను రాసినవాటిలో ఇంత బాగా ఏదీ రాలేదు. ఉపమానం ఒక్కటి కూడా లేదు, చూసుకో.

యంత్రంలో ఇసుక పోసినవాళ్ళెవరో విచారించాలని, కొండ మీద పనిచేసే ప్రతి మనిషినీ అడగాలని కోరాను. సోమవారం పొద్దున్న నేనే తీసుకెళ్ళి ఇస్తాను. నువ్వు భయపడతావని తెలుసు. అందుకే నీ అనుమతి అడగడం లేదు, చెబుతున్నాను.

నీ మేనకోడలు

*

క్వారీ షెడ్డు
మే 14

తల్లీ,

హారన్‌ని టీ కూడా తాగనివ్వకుండా వెనక్కి పంపుతున్నాను. ఇది చదివేదాకా గది దాటకు. ఆ అర్జీ ఎవరికీ ఇవ్వకు.

నీ అర్జీ చదివాను. బాగుంది. బాగుంది కాబట్టే భయం. అది చదివినవాడెవడైనా ఇక్కడికి వచ్చి తీరతాడు.

మేనేజరు చెడ్డవాడే. గోడ విషయంలో వాడు చేసింది నేను ఎక్కడైనా నిలబడి చెబుతాను. ఇసుక మాత్రం వాడు పోయలేదు.

ఏనుగు నూనె ట్యాంకు మూతకి ఒక పేచీ ఉంది. మర పాడైతే బావ దాన్ని తనకి తోచినట్టు బాగుచేశాడు. అరచేత్తో కిందికి నొక్కి, మామూలుగా తిప్పేవైపు కాకుండా ఎదురువైపు తిప్పితేనే వస్తుంది. తెలియనివాడు సుత్తితో కొట్టినా రాదు. అది బావకి తెలుసు. నాకు తెలుసు. ఇంకొకరికి తెలుసు. మధ్యాహ్నం భోజనం తెచ్చినప్పుడు, బావ చేతులు ఖాళీ లేక, ఆ మూత కాస్త తియ్యవే, నొక్కి ఇలా తిప్పు అని నేర్పిన మనిషికి.

మూత మీద గీత లేదు, దెబ్బ లేదు. షెడ్డు గోడకి మంట ఆర్పడానికి కట్టిన ఇసుక బాల్చీలో ఇసుక తగ్గింది. నేను భోజనానికి వెళ్ళినప్పుడు బండి దగ్గర ఉండేది ఒక్కరే. మొదటి సీలు మీద గీతలు చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. పూలు రాలతాయా అని నీతో వేళాకోళమాడి, నన్ను నేనే నమ్మించుకున్నాను.

నిన్న వెళ్ళి పక్కన కూర్చున్నాను. అక్కా, మూత నువ్వే తీశావా అని అడిగాను.

"అవున్రా" అంది.

అంతే. దాచలేదు, ఏడవలేదు. ఎందుకక్కా అంటే, ఆగితే బాగుండుననిపించింది అంది. బావ ఇంకా బతికే ఉన్నాడనుకుంటున్నావా అని అడిగాను. నా వైపు తిరిగి, నాకు మతి పోలేదురా అంది. నాకు ఇంకేం అడగాలో తోచలేదు. ఇనుమైతే ఎక్కడ బిగుసుకుందో చేత్తో తెలుస్తుంది.

ఇప్పుడు ఆలోచించు. నీ అర్జీ చూసి విచారణకి వస్తారు. ప్రతి మనిషినీ అడగమని నువ్వే రాశావు. అక్కని అడుగుతారు. అక్క అబద్ధం చెప్పదు. అప్పుడు మేనేజరుకి కావలసింది నోట్లో పడినట్టే. పెళ్ళామే వద్దంటోంది, మనమెందుకు తవ్వాలి అంటాడు. ఆ సాయంత్రానికే గుంత పూడుస్తారు.

ఇక్కడ కోపం తెచ్చుకోవాల్సింది ఎవరి మీదో నాకు తెలియడం లేదు. నీకు తెలిస్తే రాయి.

మామయ్య

*

హాస్టలు
మే 16

మామయ్యా,

అర్జీ చింపేశాను. పత్రికకి రాసినది కూడా. గోడ సంగతి మాత్రం మళ్ళీ రాస్తాను, నాన్న బయటికి వచ్చాక. అప్పుడు నువ్వు పక్కన కూర్చుని ఒక్కో మాటా సరిచూడాలి.

చివరి పరీక్ష ఇవాళ అయిపోయింది. తాత దగ్గరికి వెళ్ళి ఇంకో జత సీళ్ళు తెచ్చాను. మళ్ళీ ఇసుక తిన్నదా అని అడిగాడు. అవునన్నాను. నీ బండికి ఎవరో గట్టి శత్రువున్నారమ్మా అన్నాడు. కాదు తాతా, మా ఇంటి మనిషే అన్నాను. ఆయన ఆ ఉంగరాలకి నూనె రాసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు.

నాకూ కోపం ఎవరి మీదో తెలియలేదు. రాత్రంతా మాటల కోసం వెతికితే ఒక్కటీ రాలేదు. ఈ కాగితం వెనక అమ్మకి రాశాను. చిన్నదే. నువ్వు చదివి వినిపించకు, తన చేతికే ఇయ్యి. కూడబలుక్కుని చదువుకుంటుంది.

అమ్మా,

ఎందుకు చేశావని నేను అడగను. మామయ్య అడిగాడు కదా.

నాన్నను బయటికి తీయాలి. ఎలా తీయాలో నువ్వు చెప్పు. మామయ్య అలాగే తీస్తాడు. అలా తీసే పనిముట్టు లేకపోతే చేస్తాడు. నువ్వు చెప్పకపోతే ఆయనకి తెలియదు.

నీ కూతురు

*

క్వారీ షెడ్డు
మే 22

తల్లీ,

అక్క నీ కాగితం చదివి కొంగున ముడి వేసుకుంది. రెండు రోజులు ఏమీ అనలేదు. ఆ రెండు రోజులూ నేను ఏనుగు కడుపు కడిగాను. నూనెంతా దించి, పాత చీర ముక్కల్లో వడకట్టి, పైపులన్నీ విప్పి కడిగి, ఊది, మళ్ళీ కడిగాను. జల్లెడలో ఒక్క రేణువు కూడా మిగలకుండా చూశాను. సిలిండర్ మూత విప్పి, నీ సీళ్ళు నానబెట్టాను. సర్దుతుంటే అక్క బ్రష్షు పిడి పుటుక్కున విరిగింది.

అప్పుడు అక్క లేచి షెడ్డులోకి వెళ్ళింది. బావ బ్రష్షు తెచ్చి నా ముందు పెట్టింది. తనే దీపం వెలిగించింది. నేను పిడి వంచుతుంటే ఎదురుగా కూర్చుని, అప్పుడు చెప్పింది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"ఆయన నడిపితే ఆ పళ్ళతో కోడిగుడ్డు ఎత్తి నా చేతిలో పెట్టేవారు. ఒకసారి పెట్టారు కూడా. నువ్వు నడుపుతున్నావు. నీ చెయ్యి మొరటుదిరా. సీసాని చూశావుగా. బకెట్ లేచినప్పుడల్లా ఆ పళ్ళకి ఏం వేలాడుతుందోనని చూడలేకపోతున్నాను. అంత పెద్ద రాయి పడింది, అది చాలదా ఆయనకి? మళ్ళీ మనం కూడా పొడవాలా?"

నేను బండి బాగుపడితే చాలనుకున్నాను, తల్లీ. కొత్త పళ్ళు వేసి మురిసిపోయింది నేనే. బకెట్ లేచినప్పుడు ఆమె కళ్ళు మూసుకుంటుంటే ఎండ అని నీకు రాసింది నేనే.

మరి ఏం చెయ్యనక్కా అన్నాను.

"పళ్ళు తీసెయ్" అంది.

పళ్ళు లేకపోతే రాయి లేవదు. అది నిజం. కానీ పెద్ద బండలు చాలావరకు తీసేశాం, ఇక ఉన్నది ఎక్కువగా పొడి రాయీ మట్టీ. గొలుసులతో మిగతా బండలు లాగొచ్చు. పళ్ళ పిన్నులు కొట్టేసి అన్నీ ఊడదీశాను. రాళ్ళు మోసే పాత బెల్టు రబ్బరు మందంగా ఉంటుంది. దాన్ని కోసి బకెట్ అంచు పొడుగునా మడిచి బోల్టులు వేశాను. బోల్టు తలలు పైకి లేవకుండా లోపలికి దించాను. అక్క వచ్చి ఆ అంచు మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా అరచెయ్యి రాసింది. ఒకచోట గరుకుగా ఉందంది. అక్కడ ఆకురాయి పట్టి, మళ్ళీ రాసి చూడమన్నాను. ఈసారి తల ఊపింది. ఇప్పుడు నేనూ ఏనుగూ ఒకటే, ఇద్దరికీ పళ్ళు లేవు అన్నాను. నీకింకా ఉన్నాయి, ఎక్కువ మాట్లాడితే అవీ పోతాయి అంది.

నిన్నటినుంచి ఆ బకెట్‌తో తీస్తున్నాను. తవ్వుతున్నట్టు కాదు, ఊడుస్తున్నట్టు. పది తట్టల పనికి బకెట్ ఎందుకని మేనేజరు నవ్వాడు. అక్క వాడి వైపు చూసింది. వాడు తన గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. తీసిన ప్రతి బకెట్‌నీ బల్లపరుపుగా ఉన్న బండ మీద పరిచి, అక్క వంగి చూసి, చెయ్యి ఊపితే గానీ ఇంకోటి తీయడం లేదు. ఇప్పుడు కళ్ళు మూసుకోవడం లేదు.

ఇవాళ మధ్యాహ్నం రబ్బరు అంచుకి పసుపు రంగు అంటుకుని వచ్చింది. బావ బండి రంగు. నేను దిగి చేత్తో మట్టి తోశాను. క్యాబిను పైకప్పు మూల ఒకటి కనపడింది. లోపలికి నొక్కుకుపోయి ఉంది. నీకు ఏదీ దాచొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను, పూర్తిగా నొక్కుకుపోయి ఉంది. అక్క కూడా చూసింది. అక్కడితో ఆపుదాం, అది వచ్చాక తీద్దాం అంది. అది అంటే నువ్వు.

ఆ రంగు కనపడ్డ చోట టార్పాలిన్ కప్పి, నాలుగు వైపులా రాళ్ళు పెట్టాం. అక్క దాని పక్కనే కూర్చుంది. బావ సీసా ఒళ్ళో ఉంది.

ఈ ఉత్తరం హారన్ సాయంత్రమే నీకు ఇస్తాడు. లారీ మీ గేటు దగ్గరే పెట్టుకుని అందులోనే పడుకుంటాడు. తెల్లవారగానే హారన్ కొట్టమన్నాను, ఎప్పట్లాగే, వీధంతా తిట్టుకునేలా. కంగారుపడకు. అది కబురు కాదు, నిన్ను తీసుకురావడానికి. బాగా ఉతికిన దుప్పటి ఒకటి తెచ్చుకో. కాళ్ళకి గట్టి చెప్పులు వేసుకో.

రేపు పొద్దున్న నువ్వూ అక్కా బండ మీద, నాకు ఎదురుగా నిలబడండి. నేను సీట్లో కూర్చుంటాను. అక్క చెయ్యి దించితే ఒక బకెట్ తీస్తాను. అక్క చెయ్యి ఎత్తితే బండి ఆపేసి దిగి వస్తాను. అక్కడినుంచి ముగ్గురం చేతుల్తోనే తీద్దాం.

మామయ్య